పొడికోత

నిజామాబాదులో ఇల్లు కట్టేవాళ్లు గల్లీకొకరు దొరుకుతారు. కట్టిన ఇంటిని కావలసినంత మేరకు కోసి, పక్క గోడ బీటలివ్వకుండా, కింద అద్దెకున్నవాళ్ల నెత్తిన పెచ్చు రాలకుండా తీసిపెట్టేవాళ్లు మాత్రం అరుదు. ఆ అరుదైనవాళ్లలో మొదట వినిపించే పేరు సత్యానందానిది. బాత్రూం స్లాబ్ కారి కారి కుంగిపోయినా, సజ్జలోని సలాకలు తుప్పుపట్టి పెళ్లలు రోడ్డు మీద పడుతున్నా, అన్నదమ్ములు వేరుపడి నడిమి గోడలో కొత్త దర్వాజా పెట్టుకోవాలన్నా, మేస్త్రీలు తల గోక్కుని అతని నంబరే ఇచ్చేవాళ్లు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఆదివారం మెథడిస్టు చర్చిలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నప్పుడు చూస్తే బడిపంతులు అనుకుంటారు. సోమవారం సాయంత్రం చూస్తే పిండిగిర్నీలోంచి లేచి వచ్చినట్టుంటాడు.

అంత పేరు రావడానికి పనితనం సగమే కారణం. మిగతా సగం నీళ్లు. కాంక్రీటును కోసే బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి. మిషన్ అమ్మేవాడు మొదట చెప్పే మాటే అది. నీళ్లు పోస్తే దుమ్ము బురదై కిందికి జారిపోతుంది. పోయకపోతే తెల్లటి పొగలా లేచి, గదంతా నిండి, గంటసేపు దిగదు. కానీ బాగుచేయించుకునే ఇల్లంటే మనుషులు కాపురముంటున్న ఇల్లు. కింద కొత్తగా చేయించిన పీఓపీ సీలింగు ఉంటుంది, గోడలో కరెంటు డబ్బాలుంటాయి, సోఫా ఉంటుంది, దేవుడి పటాలుంటాయి. బురదనీళ్లు దిగితే అన్నీ ఖరాబు. దుమ్మయితే ఏముంది, తుడిస్తే పోతుంది కదా అని ఇంటివాళ్ల ధైర్యం. నిజమే, ఇంటికైతే తుడిస్తే పోతుంది.

సత్యానందం వాళ్ల మనసు కనిపెట్టినవాడు. ఇంట్లో అడుగుపెట్టగానే తనే ముందు అనేవాడు. "అక్కా, మీరు ఫికరు పెట్టుకోకుండ్రి. చుక్క నీళ్లు కిందికి దిగనియ్య. తలుపేసుకొని చాయ్ తాగుండ్రి, అయినంక పిలుస్త." ఆ మాటకు ఆడవాళ్లు మురిసిపోయేవాళ్లు. వినాయక్‌నగర్ నుంచి కంఠేశ్వర్ దాకా, ఇటు బోధన్ దాకా, చుక్క నీళ్లు పడకుండా కోసే సత్యానందం అంటే తెలియని మేస్త్రీ లేడు. పొడికోత అతని గొప్ప. మిగతావాళ్లు నీళ్ల పైపు పట్టుకుని వస్తే గుమ్మంలోంచే పంపించేసేవాళ్లు.

మరి ఆ దుమ్మంతా ఎటు పోయేది? అతని లోపలికి, అతనితో పనిచేసేవాళ్ల లోపలికి పోయేది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. దానికి తన దగ్గర మందుందని నమ్మాడు. ఆ మందు బెల్లం.

ఆ నమ్మకం తండ్రి నుంచి వచ్చింది. తండ్రి పాల్ రాజ్ బోధన్ చెరుకు ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు పిండగా మిగిలిన పిప్పిని గుట్టలు పోసే దగ్గర పని. పిప్పి ఎండితే సన్నటి పొట్టు ఎగిరి గొంతులో పడి గీరుతుంది. అక్కడి కూలీలు పని దిగగానే ఇంత బెల్లం చప్పరించేవాళ్లు. గొంతు జిగట పట్టి గీర తగ్గేది. "దుమ్మును బెల్లం గుంజుకపోతది బిడ్డా" అని తండ్రి కొడుక్కి చెప్పాడు. ఫ్యాక్టరీ మూతబడింది, తండ్రి పోయాడు, ఆ మాట మాత్రం కొడుకు దగ్గర మిగిలింది. పిప్పి పొట్టు వేరు, సిమెంటు కంకర దుమ్ము వేరు అని అతనికెవరు చెప్పాలి? చెరుకు పండే నేల మీద పుట్టినవాడికి బెల్లం మీద అనుమానం ఎట్లా వస్తుంది?

పని ముగిశాక కాళ్లు చేతులు కడుక్కుని అందరూ గోడ వార కూర్చునేవాళ్లు. సత్యానందం జేబులోంచి కాగితపు పొట్లం తీసి, బెల్లం గడ్డను సుత్తితో చితక్కొట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఇంత పెట్టేవాడు. అందరూ నోట్లో వేసుకున్నాకే తను వేసుకునేవాడు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ పట్టే లింబయ్యకు తీపి పడేది కాదు. అయినా తినకపోతే అన్న ఊరుకోడు. మూతికి దస్తీ కట్టుకోవడం, మాస్కు పెట్టుకోవడం అన్నీ తర్వాతి మాట. బెల్లం తప్పితే మాత్రం సత్యానందానికి కోపం వచ్చేది.

ఆ గోడ వారకు ఒకరోజు శాంతి కుమార్ వచ్చి కూర్చున్నాడు. సత్యానందం భార్య రజినికి ఒక్కడే తమ్ముడు. అప్పటికి పాతికేళ్లుంటాయేమో, కొత్తగా గ్రేస్‌తో పెళ్లయింది. దుబాయికి వీసా వచ్చింది, పెట్టె కూడా సర్దుకున్నాడు. రజిని ఒడిలోని బీడీల చేట పక్కన పెట్టి, మొగుడి ముందు కూర్చుని ఏడ్చింది.

"ఆ దేశం పోయినోళ్లల్ల ఎంతమంది డబ్బాల తిరిగొచ్చిండ్రో మన గల్లీల సూడలేదా? శవం కోసం నెలలకు నెలలు ఆఫీసుల సుట్టు తిరిగిండ్రు. నాకున్నది వాడొక్కడే. నీ దగ్గర పెట్టుకో. గంజో గటకో, నా కండ్ల ముందట ఉంటడు."

సత్యానందానికి బామ్మర్ది అంటే మొదటి నుంచీ ముద్దు. వీసా పక్కన పడింది. శాంతి కుమార్ చేతికి కోత మిషన్ వచ్చింది. మంచి చెయ్యి వాడిది. గీత గీసిచ్చాక వెంట్రుకవాసి అటూ ఇటూ పోయేవాడు కాదు. పైగా సరదా మనిషి. బెల్లం పంచేటప్పుడు, "మన పాస్టరయ్య నెలకొక్కపారి ప్రభువు రొట్టె ఇస్తడు, మా బావ దినాం ఇస్తడు" అని రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని అందుకునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. "సర్లే, దిక్కుమాలినోడా, మింగు" అని సత్యానందం కూడా నవ్వేవాడు.

కోసేది శాంతి కుమారే కాబట్టి దుమ్ముకు ముఖం దగ్గరగా పెట్టేదీ వాడే. సత్యానందం కొలతలు చూసుకునేవాడు, ఇంటివాళ్లతో మాట్లాడేవాడు, సలాకలు తెంపేవాడు. అట్లా ఏళ్లు గడిచాయి. శాంతి కుమార్‌కు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అర్సపల్లిలో అక్క ఇంటి వెనకాలే రెండు గదులు వేసుకున్నాడు. రజిని కోరుకున్నట్టే పొద్దున లేస్తే తమ్ముడు కళ్ల ముందుండేవాడు.

దగ్గు మొదట చలికాలంలో వచ్చింది. ఎండలు ముదిరినా పోలేదు. మెట్లెక్కితే శాంతి కుమార్ మధ్యలో ఆగి, గోడకు చేయి ఆనించి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడేవాడు. సత్యానందం బెల్లం ముక్క పెద్దది చేశాడు. ప్యాంటు నడుము దగ్గర వదులై తాడు కట్టుకోవలసి వచ్చినప్పుడు, ఒక చిన్న క్లినిక్‌లో చూపిస్తే టీబీ అన్నారు. గోళీలు మింగాడు, మూత్రం ఎర్రగా పోసుకున్నాడు, గుడ్లు తిన్నాడు, కోర్సు పూర్తిచేశాడు. దగ్గు మాత్రం అట్లాగే ఉంది. కోర్సు నడిచినన్నాళ్లూ పనికీ పోతూనే ఉన్నాడు.

చివరికి రజిని పోరు పడలేక సత్యానందం వాణ్ని ఖలీల్‌వాడిలో పెద్ద డాక్టరుకు చూపించాడు. ఎక్స్‌రే తీశాక డాక్టరు, వెంట వచ్చిన పెద్దమనిషి ఎవరని అడిగి సత్యానందాన్ని లోపలికి పిలిచాడు. శాంతి కుమార్ అవతలి గదిలో గొట్టంలోకి ఊపిరి ఊదుతూ పరీక్ష ఇస్తున్నాడు.

"ఏం పని చేస్తడు?"

"కాంక్రీటు కటింగ్ సార్. నా దగ్గరనే."

"నీళ్లు పోసి కోస్తరా?"

"లే సార్. పొడిదే కోస్తం."

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూపించాడు. "ఇది టీబీ కాదు. మీరు కోసే రాయి దుమ్మంతా ఊపిరితిత్తులల్ల చేరి గట్టిపడ్డది. మందుకు కరిగేది కాదు, ఆపరేషన్‌తో తీసేది కాదు. ఇప్పుడన్న పని ఆపితే ఉన్న ఊపిరితోని కొన్నేండ్లు గడుస్తది. మళ్ల దుమ్ములకు పోతే మాత్రం నాతోని ఏం కాదు. నువ్వు కూడ ఒకటి తీయించుకో."

సత్యానందం డాక్టరేదో ముఖ్యమైన సంగతి వదిలేశాడన్నట్టు ముందుకు వంగాడు. "మేం రోజు బెల్లం తింటం సార్. ఒక్క దినం తప్పలే."

డాక్టరు నవ్వలేదు. ఆ మాట అంతకు ముందే ఎవరి దగ్గరో విన్నట్టుంది. "బెల్లం కడుపులకు పోతది. దుమ్ము ఊపిరితిత్తులకు పోతది. రెంటికి తొవ్వలు వేరే," అన్నాడు. తర్వాత, "మెల్లగ నువ్వే చెప్పు. ఇంటి మనిషివి కదా," అని ఇంకో రోగి కోసం బెల్లు కొట్టాడు.

ఇంటి మనిషి. ఆ మాటే అతని నోరు నొక్కేసింది. బయట బెంచీ మీద శాంతి కుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఏమన్నడు బావా?" అని అడిగాడు. సత్యానందం వాడి ముఖం చూశాడు. ఈ ముఖానికి నేనేం తినిపించాను ఇన్నేళ్లూ అనుకున్నాడు. చెప్పాలనే నోరు తెరిచాడు. "లోపల జెర నిమ్ము చేసిందట. కొన్ని దినాలు పనికి రాకు. ఇది పీల్చుమన్నడు," అని ఇన్‌హేలర్ చేతిలో పెట్టాడు. అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని అతనికే తెలియదు.

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని రోజులు గడిచాయి. రజినికి చెప్పాలంటే ఇంకా భయం. తమ్ముణ్ని చేతిలో పెట్టి కాపాడమన్న మనిషికి, నీ తమ్ముణ్ని నేనే తినేశానని ఎట్లా చెప్పడం? అతను చెడ్డవాడేం కాదు. పిరికివాడు. ఇంటివాళ్ల సోఫాలకు భయపడి నీళ్లు మానేసినవాడు, ఇప్పుడు ఇంట్లోవాళ్ల కన్నీళ్లకు భయపడి నిజం మానేశాడు.

డాక్టరు దగ్గరికి పోయివచ్చిన మర్నాటి నుంచే సత్యానందం నీళ్ల పైపు పట్టుకుని పనికి పోయాడు. లింబయ్య విచిత్రంగా చూస్తే, "కొత్త బ్లేడు. నీళ్లు లేకుంటే జల్ది అరుగుతది," అన్నాడు. మనుషులు అరుగుతారని చెప్పలేకపోయాడు. సాయంత్రం బెల్లం కూడా పంచాడు. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు కదా. అడిగితే చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు తన ముక్క మాత్రం ఎవరూ చూడకుండా కాలువలో వేశాడు.

నీళ్లు అనగానే ఇంటివాళ్ల ముఖాలు మారిపోయాయి. "మరి నీ పేరు చెప్పి పిలిస్తిమి కదనే? నీళ్లు పోసేటోళ్లు ఊర్ల లేరా?" అని తలుపులేసుకున్నారు. పనులు తగ్గాయి. సత్యానందానికి వయసు మీద పడింది, పాతలెక్క కోయడం రావడం లేదని మేస్త్రీలు చాయ్ హోటల్లో అనుకున్నారు. ఆ మాటలు తిరిగి తిరిగి ఇంట్లో మంచం మీద కూర్చున్న శాంతి కుమార్ చెవిన పడ్డాయి.

బోధన్‌లో ఆత్మారాం అని ఒక మరాఠీ కిరాణా వ్యాపారి ఉన్నాడు. కింద దుకాణం, పైన కాపురం. పైన బాత్రూం స్లాబ్ కుంగింది. దాని కిందే బియ్యం బస్తాలు, చక్కెర బస్తాలు ఒకదాని మీదొకటి పేర్చి ఉంటాయి. సత్యానందం పోయి చూసి, నీళ్లు పోసి కోస్తాను, బస్తాలు పక్కకు జరిపించండి అన్నాడు.

"అరే బాబా, గిన్ని బస్తాలు యాడ జరపాలె?" అన్నాడు ఆత్మారాం. "ఒక్క చుక్క పడ్డదంటే చక్కెర గడ్డ గడతది. నీకు రాకుంటే చెప్పు, వచ్చేటోన్ని తెచ్చుకుంట."

సత్యానందం దండం పెట్టి మెట్లు దిగివచ్చేశాడు. ఇంటికి వచ్చి అన్నం దగ్గర ఆ సంగతి రజినితో చెప్పాడు. వెనక గదిలోంచి శాంతి కుమార్ విన్నాడు.

మూడో రోజో నాలుగో రోజో ఆత్మారాం ఫోను చేశాడు. "సత్యానందం, మీ బామ్మర్ది మస్తు చేస్తుండు. నువ్వే పంపుతే అయిపోవు కదా, ఎందుకు జిద్దు చేస్తివి? గీ కోసిన పెళ్లలు, మల్బా అంత యాడ పొయ్యాల్నో జెర చెప్పు."

ఫోను జేబులో పెట్టుకున్నాడో లేదో కూడా సత్యానందానికి గుర్తులేదు. బండి తీసి బోధన్ రోడ్డు పట్టాడు. వరి కోతల కాలం. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ సందులోంచి బండి పోనిస్తూ దేవుణ్ని ఒక్కటే అడిగాడు, నేను పోయేలోపల మిషన్ చెడిపోవాలి అని.

మిషన్ చెడిపోలేదు. దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ రొద వినిపించింది. పైకెక్కితే బాత్రూం తలుపు మూసి ఉంది. దుమ్ము ఇంట్లోకి రాకుండా తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి. ఇంటివాళ్ల తప్పేముంది, సత్యానందం ఏళ్ల తరబడి వాళ్లకు నేర్పిన పద్ధతే అది. గుడ్డలు కాలితో తన్ని తలుపు తోశాడు. లోపల ఏమీ కనిపించలేదు, తెల్లటి దుమ్ములో బ్లేడు దగ్గర నిప్పురవ్వలు తప్ప. తడుముకుంటూ పోయి ప్లగ్గు పీకాడు.

దుమ్ము కొంచెం దిగాక గోడకు ఆనుకుని శాంతి కుమార్ కనిపించాడు. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. దగ్గు ఆగాక నవ్వాడు. "బావా, నీ పేరు పోనిస్తనా? చుక్క నీళ్లు పడలే, సూడు. సగమైపోయింది." చెంప లోపల బెల్లం ముక్క ఉంది. మాట ముద్దగా వచ్చింది.

"ఎవల్ని అడిగి వచ్చినవురా?"

"నా బెల్లం నేను తెచ్చుకున్న తీ. నిమ్ము గూడ తగ్గింది."

సత్యానందం ఆ మట్టిలోనే కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. డాక్టరు చెప్పినదంతా, ఎక్స్‌రేలో చూసినదంతా, బెల్లం సంగతి కూడా. శాంతి కుమార్ విన్నంతసేపూ నోట్లో ముక్కను కదిలించలేదు. తర్వాత అరచేతిలోకి ఉమ్మి చూశాడు.

"నీకెప్పుడు ఎరుక?"

"ఖలీల్‌వాడి పోయిన దినమే."

కింద దుకాణంలో తూకం రాళ్ల చప్పుడు వినిపిస్తోంది. తిడతాడనుకున్నాడు సత్యానందం, కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది. శాంతి కుమార్ అడిగింది ఒక్కటే. "అక్కకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు. నీతోని ఉండది."

ఆ దయను భరించడం సత్యానందానికి చేతకాలేదు. లేచి బకెట్టు నిండా నీళ్లు పట్టి, ప్లగ్గు పెట్టి, మిగిలిన సగం స్లాబును నీళ్లు పోస్తూ తనే కోశాడు. బురద ధారలుగా కిందికి కారింది. చక్కెర బస్తాల మీద పడుతుంటే ఆత్మారాం మెట్ల కింది నుంచి మరాఠీలోనూ తెలుగులోనూ తిట్టాడు, బాత్రూం గుమ్మం దాకా వచ్చి కేకలు వేశాడు. సత్యానందం ఆపలేదు. ఆ పని ఆరేళ్ల కిందట చేసి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు తడిసింది చక్కెర ఒక్కటే.

ఆ తర్వాత శాంతి కుమార్ పనికి పోలేదు. మంచం దిగి గుమ్మం దాకా రావడమే పని అయిపోయింది. టీబీ మళ్లీ తిరగబెట్టిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇంటికి ఆక్సిజన్ మిషన్ తెచ్చారు. కరెంటు పోయినప్పుడల్లా గ్రేస్ అట్టముక్కతో విసిరేది. గాలి విసిరితే సరిపోయే జబ్బు కాదని ఆమెకు ఎవరు చెప్పారు గనక? రజిని బీడీల చేట తమ్ముడి మంచం దగ్గరికే మార్చుకుంది. తర్వాత పొగాకు వాసనకు వాడు దగ్గుతున్నాడని ఆ పనే మానేసింది. సత్యానందం రోజూ వెళ్లి వాడి కాళ్ల దగ్గర కూర్చునేవాడు. ఒక్కరోజు కూడా శాంతి కుమార్ అక్క ముందు నోరు జారలేదు. క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త గౌన్లు వేసి తన ముందు నిలబెట్టించుకుని చూశాడు. జనవరి చలిలో, తెల్లవారుజామున, కూర్చుని ఉండగానే ప్రాణం పోయింది. పడుకుంటే ఊపిరి ఆడదని చాలా రోజుల నుంచీ కూర్చునే నిద్రపోయేవాడు.

క్రైస్తవుల శ్మశానంలో కొత్త గుంటకు చోటు లేదు. తండ్రి సమాధి తెరిచి అందులోనే కొడుకును పెట్టాలని చర్చి పెద్దలు అన్నారు. తండ్రి సమాధి మీద కాంక్రీటు పలక పోసి ఉంది. సమ్మెటతో పగలగొడితే పక్కనున్న సమాధులు బీటలిస్తాయి, కోసి ఎత్తాలి. ఎవరినో పిలుద్దామని పెద్దలు అనుకుంటుంటే, రజిని ఏడుపు ఆపి తలెత్తింది.

"ఎవల్నో ఎందుకు? ఆయననే కొయ్యమను. ఆయన చేతులకెల్లి పోతెనే వానికి శాంతి."

సత్యానందం మిషన్ తెచ్చాడు. చర్చి నుంచి తీగ లాగి కరెంటు ఇచ్చారు. బిందెతో నీళ్లు పోయడానికి రజినే వచ్చింది. వద్దన్నా వినలేదు. పలక నాలుగు వైపులా కోసుకుంటూ వచ్చాడు. బూడిదరంగు బురద పక్క సమాధుల మధ్యగా పారింది. చివరి అంచు దగ్గర బ్లేడు చల్లారాలని ఆపాడు. చెట్ల మీద మంచు ఇంకా విడవలేదు. దూరంగా పెద్దలు చలి కాగుతున్నారు. ఇద్దరే ఉన్నారు అక్కడ.

రజిని బిందె దించి అతని పక్కన కూర్చుంది. "నీకొక మాట చెప్పాలె," అంది. "వాడు దుబాయి పోయి చస్తే నాకు డబ్బా వస్తుండె. మూత తీసి సూడనియ్యకపోదురు. నీ వల్లనే నా తమ్ముడు గిన్నేండ్లు నా కండ్ల ముందట ఉన్నడు. టీబీ వచ్చింది, మన నసీబు, దానికి నువ్వేం చేస్తవు? నీ రుణం నేను తీర్చుకోలేను."

తిట్లు తినడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. ఈ మాటకు సిద్ధంగా లేడు. శాంతి కుమార్ అక్కకు చెప్పవద్దన్నాడు, వాడు పోయినా ఆ మాట ఉంది. కానీ ఈ కృతజ్ఞత ఎట్లా తీసుకోవడం? తీసుకుంటే ఇక బతికినన్నాళ్లూ తీసుకుంటూనే ఉండాలి.

"టీబీ కాదు రజినీ," అన్నాడు.

మొత్తం చెప్పాడు. ఆత్మారాం ఇంటి సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె బిందె అంచు పట్టుకుని కూర్చుంది.

"వాడు బోధన్ పోయినప్పటికి నీకు ఎరుకనా?"

"ఎరుకే."

"వానికి ఎరుక లేదు."

"లేదు."

ఆమె ముఖంలో ఏం మారిందో అతను చూడలేకపోయాడు. ఆమె, "నీకు గూడ ఉన్నదా?" అని అడిగింది. గొంతు ఆమెది కాదు.

"ఉన్నది. మొన్న తీయించుకున్న."

ఆమె లేచి నిలబడింది. "కొయ్యి. పొద్దెక్కుతుంది," అని బిందె ఎత్తి నీళ్లు పోసింది. మిగిలిన అంచు కోశాడు. పలకను నలుగురు పట్టి ఎత్తారు. మధ్యాహ్నం పాటలు పాడారు, ప్రార్థన చేశారు, శాంతి కుమార్‌ను తండ్రి మీద పడుకోబెట్టారు. గ్రేస్ సొమ్మసిల్లితే రజిని పట్టుకుంది. ఒక్కసారి కూడా మొగుడి వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక స్నానం చేసి, పిల్లలకు అన్నం కలిపి పెట్టింది. పుట్టిల్లంటూ మిగలకపోయినా ఇక ఆమె ఎక్కడికో ఒక దగ్గరికి వెళ్లిపోతుందని సత్యానందం అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. వెళ్తే ఆపకూడదని కూడా అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆమె బయటికి వచ్చింది. "లెవ్వు," అంది.

"యాడికి?"

"లింబయ్య ఇంటికి."

"రజినీ, ఇయ్యాల్నా? మట్టి పోసి వచ్చిన దినం..."

"వానికి గూడ నిమ్మే అని చెప్తవా? గ్రేస్‌కు నేను చెప్పుకుంట. నీ దగ్గర పనిచేసినోళ్లకు నీ నోటితోని నువ్వు చెప్పాలె. నేను పక్కన నిలబడి ఇంట."

నడుచుకుంటూ పోయారు. ముందు ఆమె, వెనక అతను. సందు మలుపులో ఊపిరి అందక అతను ఆగితే ఆమె కూడా ఆగింది, వెనక్కి తిరిగి చూడకుండా. అతను కదిలాక కదిలింది.

లింబయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య గడప దగ్గర బీడీలు చుడుతోంది. శ్మశానం నుంచి వచ్చినవాళ్లను చూసి ఇద్దరూ లేచారు. సత్యానందం కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మధ్యలో మాట తడబడితే రజిని, "అన్నీ చెప్పు," అంది. బ్లేడు అరగడం గురించి చెప్పిన అబద్ధం కూడా చెప్పాడు. డాక్టరు బెల్లం గురించి అన్న మాట చెప్పినప్పుడు లింబయ్య భార్య చేతిలోని ఆకు వదిలేసింది.

"గీ మాట నిరుటి నుంచి ఎరుకనా అన్నా నీకు?" అన్నాడు లింబయ్య. "మరి నిన్న మొన్నటిదాంక తినపెట్టినవు కదనే."

లింబయ్య వాకిట్లో నిలబడి, ఛాతీ మీద చేయి పెట్టుకుని, మెల్లగా లోపలిదాకా ఊపిరి పీల్చి చూసుకున్నాడు. వదిలి, మళ్లీ పీల్చాడు. అతని భార్య ముఖం మీదికి వంగి చూస్తోంది.

రజిని వాకిలి దాటి సందులోకి దిగింది.

"ఇంకెవ్వరున్నరు?" అని అడిగింది.